చిన్న సీడీలు, వంద వోల్టుల ప్లేయర్లు

సంపాదకులకు,

తొంభైల నాటి జపాన్ పాటల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. అయితే అందులో పాటల గురించి ఉంది గానీ, అవి ఉన్న డిస్కుల గురించి, వాటిని వినిపించే ప్లేయర్ల గురించి ఒక్క ముక్కా లేదు. విజయవాడలో వీటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకునే కుర్రవాళ్లు ఇప్పుడు ఉన్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాం.

జపాన్‌లో 1988 నుంచి తొంభైల చివరిదాకా సింగిల్ (ఒకటి రెండు పాటల కోసమే విడిగా అమ్మే డిస్కు) అంటే చాలావరకు 8 సెంటీమీటర్ల చిన్న సీడీయే. నిలువుగా పొడుగాటి అట్టలో వస్తుంది. సాధారణంగా రెండు పాటలు, వాటి కరావోకే ట్రాకులు ఉంటాయి. గొంతు లేని ఆ ట్రాకుల్లో వాయిద్యాల అల్లిక విడివిడిగా వినిపిస్తుంది, సంగీతం నేర్చుకునేవాళ్లకు అంతకు మించిన పాఠం లేదు. అట్ట కింది సగంలోని ప్లాస్టిక్‌ను విరిచి మడిస్తే చతురస్రమవుతుంది. విరవనిదానికే ధర ఎక్కువ, కొనేముందు ఫొటోలో చూసుకోండి.

సీడీని ప్లేయర్ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. అందుకే ట్రే మధ్యలో చిన్న గుంట ఉన్న ఏ ప్లేయరైనా దీన్ని మామూలుగానే పాడిస్తుంది. ప్రమాదమంతా కారు స్టీరియోల్లాంటి, సందులోంచి డిస్కును లాక్కునే రకాలతోనే. వాటి రోలర్లు మామూలు సీడీకి ఉండే 12 సెంటీమీటర్ల అంచును పట్టుకునేలా ఉంటాయి. చిన్న డిస్కు లోపలికి పోతుంది, బయటికి తోసేటప్పుడు రోలరుకు అందదు. ఇక పెట్టె విప్పాల్సిందే. దీనికి మందుగా, చిన్న డిస్కు చుట్టూ తొడిగి 12 సెంటీమీటర్లు చేసేందుకు అమ్మే ప్లాస్టిక్ రింగును కంప్యూటర్ డ్రైవులో వాడొద్దు. 48 ఎక్స్ (అంటే మామూలు సీడీ వేగానికి 48 రెట్లతో చదివే) డ్రైవు నిమిషానికి దాదాపు 10 వేల చుట్లు తిరుగుతుంది, రింగు కాస్త పక్కకు ఉన్నా అదిరి ఊడుతుంది. రింగు లేకుండా ట్రే గుంటలో పెట్టి, వేగం 4 ఎక్స్‌కు తగ్గించి కాపీ చేసుకోండి. డ్రైవును నిలువుగా నిలబెట్టి మాత్రం వద్దు.

రింగుల గొడవే అక్కర్లేదనుకునేవాళ్లు 12 సెంటీమీటర్ల ముద్రణ ఉందేమో వెతకాలి. జపాన్ పాప్ తార ఉతాదా హికారు తొలి జపనీస్ సింగిల్ 1998 డిసెంబరు 9న రెండు సైజుల్లోనూ వచ్చింది.

ఇక ప్లేయర్లు. అక్కడి కరెంటు 100 వోల్టులు, మనది 230. నేరుగా ప్లగ్గులో పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు, మంచిదే. కానీ మన దుకాణాల్లో దొరికేది ఎక్కువగా 110 వోల్టులది. ఇంట్లో వోల్టేజీ 245కు ఎగబాకిన వేళ దాని అవుట్‌పుట్ 117 దాటుతుంది. ముప్పై ఏళ్ల కెపాసిటర్ల మీద ఆ భారం వేయకూడదు. 100 వోల్టుల ట్యాపింగ్ (ఆ వోల్టేజీ ఇచ్చేలా చుట్ట నుంచి తీసిన తీగ కొస) ఉన్నదే అడిగి తీసుకోండి, లేకపోతే చుట్టించుకోండి. ప్లేయర్ వెనక 25 వాట్లు అని ఉంటే 50 వీఏ (వోల్ట్-ఆంపియర్లు, అంటే మోయగల భారం) ఉన్నది సరిపోతుంది. హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్ వద్దే వద్దు. అది వోల్టేజీని తగ్గించదు, కరెంటు తరంగాన్ని కోస్తుంది. ఆడియో పరికరానికి అది విషం. కరెంటు ఫ్రీక్వెన్సీలో 50, 60 హెర్ట్‌జ్‌ల తేడాతో సీడీ ప్లేయరుకు పని లేదు, దాని మోటారు డీసీది.

రేడియో కూడా ఉన్న సెట్టయితే ఇంకో మాట. జపాన్ ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్‌జ్‌ల దాకానే ఉండేది, మన 98.3 గానీ 102.2 గానీ అందులో రావు. డయల్ మీద ‘టీవీ 1–3’ అని ఉండి, ముల్లు చేత్తో తిప్పే రకమైతే వస్తాయి. ఆనాడు అక్కడి మొదటి మూడు టీవీ చానళ్లు 90 నుంచి 108 మధ్యనే ఉండేవి.

ఇక్కడ వీటిని తిరిగి అమ్మేవాళ్లకు ఒక విన్నపం. జపాన్‌లో ‘జంకు’ అని రాసి అమ్మిన వస్తువుకు సాధారణంగా వాపసు ఉండదు, పనిచేస్తుందన్న హామీ కూడా ఉండదు. అలాంటిది కొని తెచ్చి ‘టెస్టెడ్’ అని ప్రకటించేటప్పుడు, ఎన్ని వోల్టుల మీద, ఎంతసేపు ఆడించి చూశారో కూడా రాయండి.

– కొందరు పాఠకులు, సత్యనారాయణపురం, విజయవాడ