మన సంఘం ఎన్నికలకు సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మన వైద్యుల సంఘం కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకుంది. ఎన్నికల అధికారిగా నా పని అయిపోయింది. గెలిచినవాళ్లకు అభినందనలు, దండలు ఇప్పటికే బాగానే అందాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. పేరు ఎక్కడా కనబడకుండా పనిచేసినవాళ్ల గురించి నాలుగు మాటలు రాయాలి.

ముందుగా, ఓటర్ల జాబితా సరిచేసిన ఆఫీసు సిబ్బందికి, పీజీ డాక్టర్లకి ధన్యవాదాలు. జీవిత సభ్యత్వం తీసుకున్నాక అడ్రస్ మార్చుకునేవాళ్లు అరుదు. చదువుకని ఒక ఊరు, ఉద్యోగానికని ఇంకో ఊరు తిరుగుతాం, జాబితాలో మాత్రం ఎప్పటిదో హాస్టల్ గది నంబరే ఉంటుంది. కాలం చేసిన పెద్దల పేర్లు కూడా అలాగే ఉండిపోతాయి. వాటిని తీసేయాలంటే ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ ఫోన్లన్నీ పీజీలే చేశారు. భర్త పోయిన ఒక పెద్దావిడ ఆయన కబుర్లు చెబుతుంటే ఓపిగ్గా చివరిదాకా విన్నారట. ఇలాంటి పని ఏ నియమావళిలోనూ రాసి ఉండదు.

పోస్టల్ బ్యాలెట్ గురించి వీడియో చేసిన మన అనస్థీషియా మేడమ్‌కి ప్రత్యేకంగా నమస్కారం. ఓటు వేసిన కాగితం పేరు లేని లోపలి కవర్లో పెట్టాలి. సంతకం, సభ్యత్వ సంఖ్య ఉన్న డిక్లరేషన్ బయటి కవర్లో ఉండాలి. లెక్కింపులో ముందు డిక్లరేషన్ సరిచూసి, లోపలి కవర్లన్నీ కలిపేశాకే తెరుస్తాం. అందుకే ఎవరి ఓటు ఎవరికి పడిందో మాకూ తెలియదు. ఇంత చిన్న విషయం అర్థం కాక కొన్ని ఓట్లు ప్రతిసారీ చెల్లకుండా పోయేవి. ఈసారి బాగా తగ్గాయి. డాక్టర్ల దస్తూరి మీద లోకం వేసే జోకులు మాత్రం ఆ డిక్లరేషన్లు చదివితే అబద్ధం కాదనిపిస్తుంది.

అభ్యర్థులతో ముఖాముఖి పెట్టిన జూనియర్లకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. మొదట్లో అందరూ కొత్త భవనం గురించీ, సమావేశాల హాలు గురించీ మాట్లాడారు. అప్పుడు ఒక పీజీ అమ్మాయి లేచింది. వైద్యులు చేసే ప్రమాణంగా ప్రపంచ వైద్య సంఘం 1948లో ఆమోదించిన జెనీవా ప్రకటనకు 2017లో సవరణ జరిగింది, వైద్యుడు తన ఆరోగ్యాన్నీ క్షేమాన్నీ కూడా చూసుకోవాలన్న మాట అందులో చేరింది. ఆ వాక్యం చదివి వినిపించి, "రాత్రీ పగలూ ఏకబిగిన డ్యూటీ చేసేవాళ్లం ఈ ప్రమాణం ఎలా నిలబెట్టుకోవాలి సార్? మీరు గెలిస్తే దీనికి ఏం చేస్తారు?" అని అడిగింది. కొందరు నీళ్లు నమిలారు. ఇద్దరు మాత్రం డ్యూటీ గంటల మీద రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. ఆ కాగితాలు ఆఫీసులో భద్రంగా ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఆ తర్వాత భవనం ఊసు ఎవరూ ఎత్తలేదు.

పోలింగ్ రోజు నాకున్న టెన్షన్ అంతా డ్యూటీల గురించే. ఒక ప్యానెల్ వాళ్లు ఓటేసి రావడానికి ఎదుటి ప్యానెల్ వాళ్లు వాళ్ల వార్డులు చూసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే తమలో తాము సర్దుకున్నారు.

అధ్యక్ష పదవికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిన సార్‌కి కూడా కృతజ్ఞతలు. రీకౌంటింగ్ అడిగారు, అది ఆయన హక్కు. ఫలితం మారలేదు. సంతకం పెట్టేసి వెళ్లిపోకుండా పెట్టెలకు సీలు వేసేదాకా మాతోనే ఉన్నారు.

సీలు వేసిన బ్యాలెట్లు, జాబితాలు, లెక్కింపు పత్రాలు కొత్త కార్యదర్శికి అప్పగించాను. అభ్యంతరాల గడువు ముగిసేదాకా వాటిని తెరవరు. సందేహాలుంటే ఇకమీదట వారికే ఫోన్ చెయ్యండి, నేను మళ్లీ నా ఓపీలో కూర్చుంటున్నాను.