హైఫాలో మాకు తోడు నిలిచిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పని చేస్తున్న మన గోదావరి జిల్లాల వాళ్ళలో చాలామందికి నేను తెలుసు. నేను చూసుకుంటున్న మామ్మగారు డిప్రెషన్ నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నారు. ఆవిడా, మా కింది వాటా అరబ్బు పిన్నిగారూ ఇద్దరూ "రాసుకో, పేర్లు మాత్రం పెట్టకు" అన్నారు. అందుకే ఎవరి పేరూ లేకుండా అందరికీ దండాలు చెప్పుకుంటున్నాను.

మొదటి దండం మా కుపత్ ఖోలిం (ఇక్కడి ఆరోగ్య బీమా సంస్థ) క్లినిక్‌లో నర్సు అక్కకి. ఆవిడ అరబ్బు. మామ్మగారు సోవియట్ యూనియన్ పోయాక ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన యూదులు. అక్కడ ఇంజనీరు, ఇక్కడికొచ్చాక ఇళ్ళు తుడిచారు. ఒక్కగానొక్క కొడుకు కెనడాలో. తిండి సయించదు, నిద్ర లేదు, ఒళ్ళంతా నొప్పులు. డాక్టరు గారు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళమంటే చీటీ చింపేశారు. ఎందుకంత కోపమో నాకు అంతు పట్టలేదు, నర్సు అక్కకి పట్టింది. సోవియట్ రోజుల్లో మానసిక రోగుల రిజిస్టర్లో పేరెక్కితే ఉద్యోగానికీ డ్రైవింగ్ లైసెన్సుకీ అడ్డమే. ఆ భయం ఈ వయసులోనూ వదల్లేదు. అక్క వాదన పెట్టుకోలేదు. రష్యన్ మాట్లాడే సోషల్ వర్కర్‌ని పిలిచి, "బీపీ చూడ్డానికి వచ్చినప్పుడు కాసేపు ఈవిడతో మాట్లాడండి" అంది, అంతే. మందులు ఆ తర్వాత మొదలయ్యాయి. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి మధ్యలో మానెయ్యకుండా చూసుకోగలిగాను.

2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు మా బిల్డింగ్ వాళ్ళందరం కింద షెల్టర్లో కూర్చునేవాళ్ళం. హైఫాలో మేముండే హదార్ పేటలో పాత బిల్డింగులు ఇంతే, అందరికీ కలిపి ఒకటే షెల్టర్. పిన్నిగారు తలకి గుడ్డ బిగించి కట్టుకుని, తలనొప్పి మాత్రల అట్ట గుప్పిట్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేవారు. మామ్మగారు ఆ అట్ట తీసి చూసి, నాకేసి తిరిగి, "ఈవిడది కూడా నా జబ్బే" అన్నారు. పిన్నిగారిని నర్సు అక్క దగ్గరికి పంపించింది మామ్మగారే!

పిన్నిగారికి మనుషులకి కొదవ లేదు. అన్నదమ్ములు, తోడికోడళ్ళు, పిల్లలు అంతా చుట్టుపక్కలే. చెప్పుకోలేకపోయింది కూడా అందుకే. పొద్దున ఒకరి చెవిన పడితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, కూతురికి సంబంధాలు చూస్తున్నారాయె. (మన ఊళ్ళో మాత్రం వేరేగా ఉంటుందా?) అరబ్బుల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఈ లక్షణాలు యూదులకంటే ఎక్కువనీ, వైద్యానికి వచ్చేవాళ్ళు మాత్రం తక్కువనీ ఇక్కడి సర్వేలు చెబుతూనే ఉన్నాయట. వచ్చినా మనసు బాగోలేదనరు, తలనొప్పి, గుండె దడ అంటారని అక్క చెప్పింది. చాలీచాలని సంపాదన, వివక్ష, ఊళ్ళో సరైన క్లినిక్ లేకపోవడం, వీటి మాట ఎత్తకుండా "వాళ్ళ ఆచారాలు అలాంటివి" అని తేల్చేస్తే అక్కకి ఒళ్ళు మండుతుంది. నాకూ అక్క కోపమే న్యాయం అనిపిస్తుంది.

2015 జూలై నుంచి మానసిక వైద్యం కూడా కుపత్ ఖోలింల చేతికే వచ్చింది. కానీ అరబ్బీలో మాట్లాడే సైకాలజిస్టులు తక్కువ, వరుస పెద్దది. పిన్నిగారి వంతు వచ్చేదాకా రోజూ ఫోన్ చేసి "నిద్ర పట్టిందా" అని అడిగిన అక్క రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు.

ఇప్పుడు మామ్మగారూ పిన్నిగారూ సాయంత్రాలు బాల్కనీలో టీ తాగుతున్నారు. ఒకరు నిమ్మకాయ, ఒకరు సేజ్ ఆకు, దాని మీదే తగువు. రాజకీయాలు ఎత్తితే ఇద్దరికీ బీపీ పెరుగుతుంది, అందుకని ఎత్తరు.

నాకు టెన్షన్ తట్టుకోలేనప్పుడు, తమ సెలవు శనివారాలు వదులుకుని వచ్చి మామ్మగారి దగ్గర కూర్చున్న మన తెలుగు అక్కచెల్లెళ్ళకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అర్ధరాత్రి మనసు విప్పుకోవాలంటే ఇక్కడి 1201 సహాయ నంబరుకి ఫోన్ చేయొచ్చు, హీబ్రూతో పాటు అరబ్బీ, రష్యన్‌లలో కూడా మాట్లాడతారు. మీరు చూసుకునే పెద్దవాళ్ళ ఫ్రిజ్ మీద ఈ నంబరు రాసి పెట్టండి. వచ్చే శనివారం భోజనం మా ఇంట్లోనే. పులిహోర, గుత్తొంకాయ నేను చేస్తాను. పిన్నిగారు మక్లూబా (అరబ్బుల అన్నం వంటకం) పంపిస్తానన్నారు, కాబట్టి పెద్ద గిన్నె ఎవరిదగ్గరైనా ఉంటే పట్టుకురండి.