అమ్మ గురించి అక్కకి

అక్కా,

నిన్న ఫోన్లో నువ్వు ఏడ్చావు, పక్కనే అమ్మ ఉందని సరిగ్గా మాట్లాడలేకపోయావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

తన గాజులు నువ్వే తీశావని అమ్మ వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్తోందన్నావు, అదంతా ఆ డిమెన్షియా వల్లే, అదే జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో నేను పనిచేసే కేర్ హోమ్‌లో, అదే పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే చోట, మమ్మల్ని కూడా ఎవరో ఒకరు దొంగలంటూనే ఉంటారు. అమ్మకి ఎక్కడ పెట్టిందో గుర్తులేదు, వస్తువు కనపడట్లేదు, అంటే ఎవరో తీసుండాలి, అదీ ఆవిడ లెక్క, ఎప్పుడూ కళ్ళెదురుగా ఉండేది నువ్వే కాబట్టి నింద నీ మీద పడుతోంది అంతే. నేను తియ్యలేదు మొర్రో అని వాదించకు, "అయ్యో, పదమ్మా వెతుకుదాం" అని బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో ఇద్దరూ కలిసి చూడండి. దొరికాక అసలువి లాకర్‌లో పెట్టేసి రోల్డ్‌గోల్డ్‌వి ఇంకో జత కొనిపెట్టుకో.

పొద్దుగూకేసరికి మూట కట్టి మా ఊరెళ్తా, నాన్న చూస్తుంటాడు అంటుందే, దాన్ని ఇక్కడ సన్‌డౌనింగ్ అంటారు. తాతయ్య ఎప్పుడో పోయాడుగా అనకు, ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. చీకటి పడకముందే లైట్లేసి, గోరుచిక్కుళ్ళు ముందు పెట్టి ఈనెలు తియ్యమను, తాతయ్య సంగతులు అడుగు, చెప్తూ చెప్తూ మూట మర్చిపోతుంది.

స్నానానికి కొడుతోందంటే నెత్తిన నీళ్ళు పోయకు, భుజాల మీద తువ్వాలు కప్పి ముందు పాదాల మీద గోరువెచ్చటివి పొయ్యి, చెంబు తన చేతికే ఇవ్వు. ఆ రోజు వద్దంటే వదిలెయ్, తడిగుడ్డతో తుడిస్తే ఏం కొంప మునగదు.

అసలు నాకు భయం ఎక్కడంటే రెండు రోజుల్లోనే ఇంత ఎక్కువైందన్నావు చూడు, అక్కడ. ఈ జబ్బు మామూలుగా అంత తొందరగా ముదరదు, యూరిన్ ఇన్ఫెక్షనో మలబద్ధకమో ఎక్కడన్నా నొప్పో ఉండుంటుంది, తనకి చెప్పడం రాదు పాపం. రేపే డాక్టర్‌కి చూపించి యూరిన్ టెస్ట్ చేయించు. అరవకుండా ఉండటానికని రాసిన ఆ మాత్ర గురించి కూడా అడుగు, అలాంటి యాంటీసైకోటిక్ మందులతో, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకి ఇచ్చే మందులతో, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. నీ అంతట నువ్వు ఆపెయ్యకు, ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు తగ్గిస్తారు అని గట్టిగా అడుగు.

మధ్యాహ్నాలు ఒక మనిషిని పెట్టుకో, డబ్బులు నేను పంపుతా, బావ మొహమాటపడితే నాతో మాట్లాడమను. అమ్మ ఒప్పుకోదంటావేమో, చూసుకోవడానికొచ్చింది అని చెప్పకు, పూలు కట్టడం నేర్చుకోవడానికొచ్చిందని చెప్పు. ఆ రెండు గంటలు నువ్వు నిద్రపో, వంటింట్లో దూరావంటే ఊరుకోను.

నీ చెల్లి