విమాన ప్రమాదం వేళ మా వీధిని ఆదుకున్న వారందరికీ కృతజ్ఞతలు

మా వెనుక వరుస ఇళ్లమీద సైనిక శిక్షణ విమానం కూలిన నాటినుంచి మా యోగక్షేమాలు విచారించిన వారికీ, ఏదో ఒక రూపంలో సాయపడిన వారికీ విడివిడిగా బదులు చెప్పలేకపోయాను. మా అత్తగారు ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చారు. ఇల్లంటే మా ఇల్లు కాదు. కాలిన గోడలు మళ్లీ లేచేదాకా మా ఆడపడుచు తన ఇంట్లో మాకు ఇచ్చిన రెండు గదులు. కూర్చుని రాసే వీలు ఇప్పటికి చిక్కింది కనుక, కుటుంబం తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తమ పేర్లు బయటపెట్టవద్దని చాలామంది కోరారు. చేసిన పనినిబట్టి ఎవరికి వారు తమను గుర్తుపట్టగలరు.

మంటల్లోకి చొరబడి మనుషులను బయటికి తెచ్చినవారి సాహసం అందరికీ తెలిసిందే. ఆ రుణం మాటలతో తీరేది కాదు. అయితే వారితో సమానంగా చెప్పుకోవలసినవారు మరికొందరున్నారు. ఏ పని చేయకూడదో తెలిసి తాము ఆగి, కంగారులో ఉన్న పదిమందిని ఆపినవారు వారు. వారి గురించి ఎవరూ రాయలేదు.

మొదట మా వీధి చివర ఉండే విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి. అందరూ బిందెలతో, బకెట్లతో పరుగెత్తుతుంటే ఆయన అడ్డం నిలబడి గట్టిగా కేకలేశారు. ఆ క్షణంలో ఆయనను తిట్టుకోనివారు లేరు. జెట్ ఇంధనం కిరోసిన్ జాతికి చెందినదనీ, అది నీటికన్నా తేలిక కాబట్టి మీరు పోసే నీటిమీద మండుతూనే తేలి పక్క వాకిళ్లలోకి పాకుతుందనీ, దాన్ని అణచాలంటే గాలి తగలకుండా కప్పే నురుగు కావాలనీ ఆయన చెప్పిన తరువాతగానీ బకెట్లు కిందికి దిగలేదు. అదే జనాన్ని ఆయన రెండుగా చీల్చి, కొందరిచేత పక్క వరుస ఇళ్లు ఖాళీ చేయించారు, కొందరిచేత గ్యాస్ సిలిండర్లు దూరంగా మోయించారు. ఈలోగా విద్యుత్ శాఖ లైన్‌మన్ ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడకుండా సరఫరా నిలిపివేశారు. ఆ తొందర ఎంత అవసరమో ఒక పాత ఘటన చెబుతుంది: 2021 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, లేక్ వర్త్ అనే చోట నౌకాదళ శిక్షణ విమానం ఇళ్ల మధ్య కూలినప్పుడు, బయటికి దూకిన ఇద్దరు పైలట్లలో ఒకరి పారాచూట్ కరెంటు తీగల్లోనే చిక్కుకుంది.

మా దగ్గర పారాచూట్‌తో దిగిన యువ పైలట్ ఒక ఇంటి పెరట్లో పడ్డారు. లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించాలని నలుగురు చేతులు చాచేసరికి, రిటైరైన నర్సమ్మ ఒకరు వారందరినీ వెనక్కి నెట్టారు. పైలట్‌ను విమానంలోంచి బయటికి విసిరేందుకు రాకెట్ బలంతో పైకి ఎగిరే ఎజెక్షన్ సీటు విసురుకు వెన్నుపూసలు చితకడం తరచుగా జరిగేదేనట. అందుకని ఆవిడ అతన్ని పడుకున్నచోటనే కదలకుండా ఉంచి, హెల్మెట్ తీయనివ్వకుండా, తల పక్కన మోకాళ్లమీద కూర్చుని, అంబులెన్స్ వచ్చేవరకు మాట్లాడిస్తూనే ఉన్నారు. కొంచెం దూరంలో పడిన సీటు దగ్గరికి పిల్లలు వెళ్లకుండా ఒక కళాశాల విద్యార్థి కాపలా కాశాడు. అందులో పేలని మందుగుండు మిగిలి ఉండవచ్చునని అతనికి ఎలా తెలుసో నేను అడగలేదు. ఆ కుర్రవాడి తల్లిదండ్రులకు ప్రత్యేక నమస్కారాలు.

ఇక మా అత్తగారి సంగతి. వీపు, రెండు కాళ్లు కాలాయి. పక్కింటి కోడలు ఆవిడను పంపు కింద కూర్చోబెట్టి, గడియారం చూసుకుంటూ ఇరవై నిమిషాలపాటు పారే నీళ్లతో తడిపింది. టూత్‌పేస్టు తెచ్చిన పెద్దమనిషిని, మంచుగడ్డలు తెచ్చిన మరొకరిని ఆ అమ్మాయి గౌరవంగానే పక్కకు పంపేసి, ఉతికిన దుప్పటి కప్పి వాహనం ఎక్కించింది. కొన్నిచోట్ల గాయం మరీ లోతుకు దిగకుండా ఆ నీళ్లే కాపాడాయని వైద్యులు చెప్పారు. అమ్మాయీ, నీకు ధన్యవాదాలు అనడం నాకే చిన్నతనంగా తోస్తోంది.

లోతుగా కాలిన వీపుమీద కప్పడానికి ఆవిడ సొంత చర్మం వెంటనే సరిపోలేదు. అప్పుడు ఆసుపత్రివారు స్కిన్ బ్యాంకునుంచి చర్మం తెప్పించారు. నేత్రదానం గురించి మనందరికీ తెలుసు. మరణించిన ఆరు గంటలలోపు చర్మం కూడా దానం చేయవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది. తొడలు, కాళ్లు, వీపు భాగాలనుంచి పైపొర మాత్రమే పలుచగా తీస్తారు, తరువాత కట్లు కట్టి దేహాన్ని అప్పగిస్తారు, శరీరం వికృతం కాదు. గ్లిసరాల్‌లో నిలవచేసిన ఆ చర్మానికి రక్తం గ్రూపు కలవవలసిన పని కూడా లేదు. అది శాశ్వతంగా అతుక్కోదు; కొన్ని వారాలకు శరీరం దాన్ని తోసేస్తుంది. కానీ ఆ కొన్ని వారాలే ప్రాణానికి ఆధారం. ఒంట్లో నీరు హరించిపోకుండా, గాయంలో చీము చేరకుండా కాపాడి, సొంత చర్మం తీసి అతికేందుకు వైద్యులకు వ్యవధి దొరికేలా చేస్తుంది. తమ ఇంట్లో మరణం సంభవించిన గంటల్లోనే, ఏడుపు మధ్య, సరేనని సంతకం చేసిన ఆ కుటుంబం ఎవరో నియమాల ప్రకారం మాకు చెప్పరు. ఈ మాటలు వారి కంట పడతాయో లేదో కూడా తెలియదు. మీ ఇంటివారు మా ఇంటి పెద్దను నిలబెట్టారు. మా ఇంట్లో పెద్దవాళ్లమందరం చర్మదానానికి అంగీకారం రాసి ఇచ్చాము.

కట్లు మార్చేటప్పుడు ఆవిడ పెట్టే కేకలు విని నేను గది బయటికి పారిపోయినా, లోపల ఓపికగా నిలిచిన నర్సులకు, రక్తమిచ్చినవారికి, ఖర్చులకు డబ్బు పంపినవారికి నమస్కారాలు. వచ్చిన ప్రతి రూపాయికీ లెక్క రాశాము. ఎవరు అడిగినా చూపిస్తాము.

శకలాలు తొలగించడానికి వచ్చిన సైనిక బృందం గురించి కూడా చెప్పాలి. విమాన భాగాల్లోని కార్బన్ నార కాలితే సన్నని ముళ్లలాంటి పొడి లేస్తుంది. అది చర్మానికీ ఊపిరితిత్తులకూ హాని. వారు మాస్కులతో వచ్చి, ఆ పొడి ఎగరకుండా ద్రావణం చల్లి, తరువాతే ఒక్కొక్క ముక్కా ఎత్తారు. బూడిదలో దొరికిన మా ఇంటి కాగితాలు, ఫొటోలు పారవేయకుండా శుభ్రంచేసి, జాబితా రాసి అప్పగించారు. ఆ పని వారి విధుల్లో ఉందో లేదో గానీ, మా మామగారి ఫొటో మాకు మిగిలింది వారివల్లనే.

పైలట్లు ఇళ్లను తప్పించడానికి ప్రయత్నించారని కొందరు, వారిదే తప్పని మరికొందరు మమ్మల్ని మాట్లాడమంటున్నారు. నేను చూసింది పొగ, విన్నది పేలుడు. లేక్ వర్త్‌లో విమానం కూలడానికి కారణం ఇంజన్‌లో చొరబడిన పక్షి. ఆ సంగతి వీధిలో నిలబడి చూసినవారు తేల్చగలిగేది కాదు. ఇక్కడా విచారణ పూర్తికాకుండా మా కుటుంబం ఎవరినీ నిందించదు. ఇక్కడ గాయపడిన ఇద్దరు పైలట్ల తల్లిదండ్రులు ఆసుపత్రి వరండాలో మాతోపాటే కూర్చున్నారు. మా అత్తగారు మరణించారని ఒక పాత వీడియో జతచేసి ప్రచారం చేసినవారిని మాత్రం దాన్ని తొలగించమని కోరుతున్నాను. ఆవిడ దాన్ని స్వయంగా చూశారు.

చివరిగా ఒక విన్నపం. జ్ఞాపకంగా దాచుకున్న విమాన ముక్కలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయని తెలిసింది. విచారణకు చిన్న భాగం కూడా అవసరం కావచ్చు. దయచేసి వాటిని ఒట్టి చేతులతో తాకకండి, పిల్లలకు ఇవ్వకండి. ఎక్కడ ఉన్నాయో పోలీసులకు చెబితే వారే వచ్చి తీసుకువెళ్తారు. ముందుగా ఇచ్చినవారిమీద ఏ కేసూ పెట్టలేదు.