మార్జిన్‌లో రెండు అంకెలు

చిక్కడపల్లి,
ఆదివారం ఉదయం

చిరంజీవి మేఘనకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బామ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నల్లా నీళ్లు సన్నగా వస్తున్నాయని మీ అమ్మ కరివేపాకు మొక్కకు బియ్యం కడిగిన నీళ్లే పోస్తోంది. నీ ఫోను వచ్చి పదకొండు రోజులైంది. చదువు ఒత్తిడి ఉంటుంది, నాకు తెలుసు.

మొన్న పిన్నీవాళ్లు వచ్చినప్పుడు బన్ని ఒక మాట అన్నాడు. ఐసీపీసీ కాలేజీ జట్ల ప్రోగ్రామింగ్ ప్రాంతీయ పోటీ నుంచి వచ్చినప్పటి నుంచి నువ్వు ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదట, జట్టు నుంచి తప్పుకుంటానన్నావట. వాడూ ఎవరో చెబితే విన్నాడు. నేను పట్టించుకోలేదు. కానీ నిన్ను నిలబెట్టేసిన ఆ లెక్క ఏమిటో వాడితో కాగితం మీద రాయించుకున్నాను.

సంఖ్యలు ఒక్కొక్కటిగా వస్తుంటాయి, మధ్యలో కొన్నిటిని తీసేయమంటారు, ప్రతిసారీ అప్పటికి ఉన్నవాటి సగటు చెప్పాలి. ఇంతే కదా? నువ్వు ప్రతిసారీ మొదటి నుంచి కూడుతూ వెళ్లావట. 2 లక్షల సంఖ్యలకు అలా కూడితే దాదాపు 2,000 కోట్ల కూడికలు. సెకనుకు 10 కోట్ల చొప్పున వేసుకున్నా 200 సెకన్లు, గడువేమో రెండు. నీకు తెలియక కాదు. ముగ్గురికి ఒకే కంప్యూటరు, ఐదు గంటల సమయం, పక్కన గడియారం. అలాంటప్పుడు చేతికి ముందుగా తట్టిన పద్ధతే రాస్తాం.

నేనూ అదే చేశాను తల్లీ. 1989లో, లెడ్జర్ల కాలంలో. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఒక పెద్ద ఖాతాకు జులై 1 నుంచి ముందు రోజు శుక్రవారం వరకు రోజువారీ నిల్వల సగటు ప్రతి శనివారం పైకి పంపాలి. మొదటి వారం ఏడు అంకెలు, రెండో వారం పద్నాలుగు. ఆగస్టు వచ్చేసరికి శనివారం రాత్రి ఎనిమిదింటికి కూడా నేను కూడుతూనే ఉన్నాను. విసిగి, పాత సగటునే రాసుకుని మరుసటి వారం దాన్ని రోజులతో గుణించి ముందుకు వెళ్లడం మొదలుపెట్టాను. తెలివైన పని అనుకున్నాను. కానీ సగటును రూపాయికి సరిచేసి రాసేవాణ్ణి. 40 పైసలు వదిలేస్తే 84 రోజుల మొత్తంలో 33 రూపాయల 60 పైసలు గల్లంతు. సెప్టెంబరు చివర లెక్క తేలలేదు. దానికి తోడు, వేరే ఖాతాలో పడాల్సిన 5,000 రూపాయలు మా ఖాతాలో 17 రోజులు ఉన్నాయని అప్పుడే బయటపడింది. ఇక మళ్లీ జులై 1 నుంచి మొదలుపెట్టాలి కదా అని తల పట్టుకుని కూర్చున్నాను.

హెడ్ క్లర్కు గారు వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. మార్జిన్‌లో రెండే అంకెలు పెట్టుకోమన్నారు: ఇప్పటివరకు మొత్తం, ఇప్పటివరకు రోజులు. కొత్తది వస్తే కలుపు, తప్పు దొరికితే 5,000ను 17తో గుణించి ఆ 85,000 తీసేయ్, భాగహారం మాత్రం పైకి పంపే గడియలో ఒక్కసారే. ఎంత పాత తప్పయినా రెండు నిమిషాల పని.

నీ లెక్కా అదే. మొత్తాన్నీ ఎన్ని ఉన్నాయన్నదాన్నీ దగ్గర పెట్టుకుంటే వచ్చినదాన్ని కలపడం, పోయినదాన్ని తీయడం. సగటునే దిద్దుకుంటూ పోవచ్చు కూడా: నాలుగు సంఖ్యల సగటు 60 ఉండి ఐదోది 85 వస్తే, తేడా 25లో ఐదో వంతు కలిపితే 65. కానీ దశాంశాల్లో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి, నా 40 పైసల్లాగే. ఇంకొకటి: ఒక్కో సంఖ్య 100 కోట్ల దాకా ఉండొచ్చని ప్రశ్నలోనే ఉందట. కంప్యూటరులో సంఖ్యకు మామూలుగా ఇచ్చే 32 బిట్ల చోటులో, మైనస్ సంఖ్యలకూ వీలుంచితే, పట్టేది 214 కోట్ల చిల్లరే, మూడు సంఖ్యలకే పొంగిపోతుంది. మొత్తాన్ని 64 బిట్లలో పెట్టాలి. పంపే ముందు అన్నిటికన్నా పెద్ద సంఖ్యలతో ఒకసారి, అన్నీ తీసేసి ఏమీ మిగలనప్పుడు ఒకసారి సరిచూసుకో. సున్నాతో భాగించకూడదు. తప్పుగా పంపిన ప్రతిసారికీ 20 నిమిషాలు జోడిస్తారట, అదీ చివరకు ఆ లెక్క సాధిస్తేనే. అంటే తప్పు పంపాక కూడా దాని మీద కూర్చోవచ్చన్నమాట.

పాఠం చెప్పకూడదనుకునే కలం పట్టాను. జట్టులో ఉండాలా వద్దా అన్నది నీ ఇష్టం. తప్పుకుంటే మాత్రం ఆ మాట బన్ని నోట కాక నీ నోట వినాలని ఉంది.

కళ్లద్దాల నంబరు మళ్లీ చూపించుకున్నావా? రాత్రి రెండింటి దాకా తెర ముందు కూర్చోవద్దు. తలకు నూనె పెట్టుకో. మధ్యాహ్నం మజ్జిగ మానకు, హాస్టల్లో పెట్టకపోతే బయట పెరుగు కొనుక్కో, డబ్బులు వేశాను. శుక్రవారం సున్నుండలు కొరియర్‌లో పంపాం. నెయ్యి కారకుండా మీ అమ్మ రెండు కవర్లు చుట్టింది, పై కవరు కత్తెరతో కోయి, పళ్లతో లాగొద్దు. డబ్బా అందగానే ఒక్క మాట చెప్పు. ఎంత రాత్రయినా సరే, ఫోను నా దిండు పక్కనే ఉంటోంది.

మీ నాన్న