పెద్ద ఫ్లైటు గ్యారంటీ ఇవ్వం: బిజినెస్ క్లాస్ అడిగే మా కస్టమర్లకు నాలుగు మాటలు

మా కస్టమర్లందరికీ నమస్కారం. బెంగళూరులో విమాన టికెట్లు తీసిపెట్టే మా మారతహళ్ళి ఆఫీసు నుంచి రాస్తున్నాను.

ఢిల్లీకి బిజినెస్ క్లాస్ టికెట్ అడిగేవాళ్ళు ఈ మధ్య పెరిగారు. అమెరికా ఫ్లైటు పట్టుకోవడానికి వెళ్ళే అమ్మానాన్నలు, మీటింగుకి పోయి రాత్రికి తిరిగొచ్చే పీణ్యా ఫ్యాక్టరీల వాళ్ళు, పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు. చాలామంది అడిగేది ఒకటే: "మేడమ్, పడుకునే సీటుండే పెద్ద ఫ్లైట్లోనే వేయండి." ఇకమీదట మా ఆఫీసులో ఎవరూ ఆ మాటకి "సరే, గ్యారంటీ" అనరు. ఆ రోజుకి ఏ విమానం చూపిస్తోందో చెప్తాం, దాన్ని బట్టి సీటు వేస్తాం. అంతవరకే. టికెట్లో ఎయిర్‌లైన్ ఒప్పుకునేది బిజినెస్ క్లాస్ అని మాత్రమే. ఏ విమానం పెట్టాలన్నది వాళ్ళ ఇష్టం. వాళ్ళే ఇవ్వని మాట మేము ఇస్తే అది అబద్ధం అవుతుంది.

తేడా ఏమిటో తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. మన దేశంలో ఎక్కువగా తిరిగేవి ఎయిర్‌బస్ 320, 321 రకాలు. మధ్యలో ఒకటే దారి. వీటిలో బిజినెస్ క్లాస్ అంటే అటు రెండు, ఇటు రెండు వెడల్పాటి సీట్లు. వెనక్కి బాగా వాలతాయి కానీ చాలావాటిలో మంచంలా పూర్తిగా పడుకోవు. ఇండిగో వాళ్ళు 2024 నవంబరులో ఢిల్లీ–ముంబై రూటులో మొదలుపెట్టిన స్ట్రెచ్ కూడా ఈ కోవలోదే, 321లో 12 సీట్లు. రెండు దారులుండేవి పెద్ద విమానాలు, వైడ్ బాడీ అంటారు: బోయింగ్ 787, 777, ఎయిర్‌బస్ 350. వీటిలో సీటు పూర్తిగా పడక అవుతుంది. డబ్బు తేడా పెద్దగా ఉండదు, సుఖంలో మాత్రం చాలా తేడా. అందుకే అందరి కన్నూ వాటిమీదే.

మరి విదేశాలకు పోవాల్సిన విమానం బెంగళూరు–ఢిల్లీ మధ్య ఎందుకు తిరుగుతుంది? ఎక్కువసార్లు కారణం మామూలుదే. పొద్దున లండన్ నుంచో మరోచోట నుంచో దిగిన విమానం మళ్ళీ రాత్రికి గానీ బయల్దేరదు. ఖాళీగా నిలబెట్టే బదులు మధ్యలో ఒక ట్రిప్పు తిప్పుతారు. ఢిల్లీ, ముంబై ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్లాట్లు, అంటే విమానం దిగడానికి, ఎగరడానికి ఇచ్చే టైములు, దొరకడం కష్టం కాబట్టి ఉన్న స్లాటులోనే ఎక్కువమందిని తీసుకెళ్ళొచ్చు, కింద కార్గో కూడా ఎక్కువ పడుతుంది. కొత్త విమానం వచ్చినప్పుడు పైలట్లకు, క్రూకు చేయి తిరగడానికి కూడా ముందు ఇక్కడే తిప్పుతారు. 2024 జనవరి 22న ఎయిర్ ఇండియా 350 ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టినప్పుడు అదే జరిగింది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, ముంబై, ఢిల్లీ మధ్య కొన్నాళ్ళు తిరిగి తర్వాత విదేశీ రూట్లకు వెళ్ళిపోయింది. "మా అల్లుడు తలుపున్న సీట్లో వచ్చాడు, నాకూ అదే కావాలి" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. నిజమే వచ్చుంటాడు. ఆ విమానంలో బిజినెస్ క్లాసులో 28 సీట్లు, ఒక్కోదానికీ జారే తలుపు. ఆ రోజులు వేరు.

పొద్దున రావాల్సిన విమానం విదేశంలోనే ఆలస్యమైందనుకోండి, మధ్యాహ్నం మీ ఢిల్లీ ట్రిప్పుకి చిన్న విమానం పెట్టేస్తారు. మీ సీటు నంబరు మారిపోతుంది, పడక పోతుంది. కానీ మీరు కూర్చునేది బిజినెస్ క్లాసులోనే కాబట్టి దానికి డబ్బు వెనక్కి రాదు. మీరు కోప్పడతారు, మేము కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాం, వాళ్ళు సారీ చెప్తారు. అక్కడితో సరి.

బిజినెస్ టికెట్ కొన్నవాళ్ళని ఎకానమీలో కూర్చోబెడితే మాత్రం లెక్క వేరు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ (విమానయానం చూసే ప్రభుత్వ సంస్థ) రూలు ప్రకారం, దేశంలోపలి ఫ్లైట్లో మీ ఇష్టం లేకుండా క్లాస్ తగ్గిస్తే పన్నులతో సహా టికెట్ ఖరీదులో 75 శాతం వెనక్కివ్వాలి. పెద్ద విమానం పోయి చిన్నది వచ్చినప్పుడు సీట్లు చాలక ఇలా జరిగే అవకాశం ఉంది. కౌంటర్లో ఏదో ఒక వోచర్ చేతిలో పెడితే తీసుకుని ఊరుకోకండి. ఎకానమీ బోర్డింగ్ పాస్‌ని ఫోటో తీసి మాకు పంపండి, మిగతాది మేము అడుగుతాం.

ఇక సీట్ల విషయం. మా స్క్రీన్ మీద ప్రతి ఫ్లైటు పక్కన మూడక్షరాల కోడ్ ఉంటుంది. 32ఎన్ అంటే చిన్నది. 788, 789 (రెండూ 787 రకాలే), 359 (ఎయిర్‌బస్ 350), 77డబ్ల్యూ (777) అంటే పెద్దవి. ఒక్కోదానిలో మంచి సీటు ఒక్కోచోట.

పాత 788లో బిజినెస్ సీట్లు 18. కిటికీ పక్కన రెండు, మధ్యలో రెండు, అటు కిటికీ పక్కన రెండు. మొన్న అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మోకాళ్ళ నొప్పి మనిషి, కిటికీయే కావాలని పట్టుబట్టారు. "అంత డబ్బు పెట్టి కిటికీ లేకపోతే ఎట్లా తల్లీ?" అన్నారు. సీట్ మ్యాప్ ఆయన వైపు తిప్పి, "పక్కాయన కాళ్ళు చాపుకుని పడుకుంటే మీరు బాత్రూమ్‌కి ఎట్లా పోతారు పెదనాన్నా?" అన్నాను. కాసేపు ఆ గళ్ళ వైపే చూసి, "అయితే మధ్యలోనే వెయ్యి" అన్నారు. ఆ మధ్య జంటలో ఇద్దరికీ చెరోవైపు దారి ఉంటుంది, ఎవరి కాళ్ళూ దాటక్కర్లేదు. భార్యాభర్తలకైనా, పెద్దవాళ్ళకైనా ఈ విమానంలో అవే మంచివి. కిటికీ సరదా ఉన్న కుర్రాళ్ళు కిటికీ తీసుకోండి, మీ కాళ్ళు దాటగలవు.

ఎయిర్ ఇండియా పాత 777–300లో బిజినెస్ వరుస రెండు–మూడు–రెండు. మధ్య మూడింటిలో నడిమి సీటు బిజినెస్ క్లాసులో ఎవరికీ రాకూడని సీటు. అది తప్ప ఇంకేమీ లేకపోతే ముందు మీకు ఫోన్ చేసి అడిగాకే టికెట్ తీస్తాం. విస్తారా నుంచి వచ్చిన 789ల్లో (2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది) ఒకటి–రెండు–ఒకటి. ఏ సీటు తీసుకున్నా దారి మీదే, టెన్షన్ లేదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి కిటికీ, జంటకి మధ్యవి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పాత 788ల లోపల సీట్లు మార్చే పని 2025లో మొదలైంది. అది పూర్తయ్యేదాకా ఒకే కోడ్ కింద పాతవీ కొత్తవీ రెండూ తిరుగుతాయి. అందుకే ఇప్పుడు కోడ్ చూసి ఊరుకోవడం లేదు, సీట్ మ్యాప్ తెరిచి వరుసలు లెక్కపెట్టాకే మీకు చెప్తున్నాం.

పొద్దుటి ఫ్లైట్లో ఢిల్లీ వెళ్ళేటప్పుడు ఎండ కుడివైపు కొడుతుంది, సాయంత్రం ఎడమవైపు. తిరుగు ప్రయాణంలో దానికి తారుమారు. 787లో కిటికీకి కిందికి లాగే షట్టర్ ఉండదు, బటన్ నొక్కితే అద్దమే ముదురు నీలంగా మారుతుంది. నిద్రపోవాలనుకునేవాళ్ళు నీడవైపు అడగండి. మొదటి వరుసలో కాళ్ళకి చోటు బాగుంటుంది కానీ కిచెన్ దగ్గర ట్రేల చప్పుడు, లైటు ఉంటాయి. నేనైతే రెండో వరుస వేయించుకుంటాను.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 787 కూలిపోయాక "ఆ రకం మాకొద్దు" అని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. నేను వాదించను, వేరే ఫ్లైటు చూస్తాను. కానీ చిన్నది అనుకున్నచోట ఆఖరి నిమిషంలో పెద్దది వచ్చి నిలబడొచ్చు. అది కూడా మా చేతిలో లేదు.

భోజనం దగ్గరికి వద్దాం. ఫిర్యాదులు సీట్ల మీదకన్నా దీనిమీదే ఎక్కువ.

ముందు టైము చూసుకోండి. బెంగళూరు–ఢిల్లీ టికెట్ మీద మూడు గంటలకు కాస్త తక్కువ చూపిస్తుంది. అందులో విమానం రన్‌వే దాకా మెల్లగా నడిచేది, సీటు నిటారుగా పెట్టుకోమనే సమయం తీసేస్తే మీకు మిగిలేది రెండు గంటల చిల్లర. తినడం, తాపీగా కాఫీ తాగడం, పడక వేసుకుని నిద్రపోవడం మూడూ పట్టవు. నిద్ర కావాలంటే లాంజ్‌లో తినేసి ఎక్కండి, ఎక్కగానే "భోజనానికి లేపొద్దు" అని చెప్పండి. ముంబైకి అయితే గాల్లో ఉండేది ఇంకా తక్కువ. ఆ రూటుకి పడక సీటు కోసం బిజినెస్ క్లాస్ కొనమని నేను ఎవరికీ చెప్పను, నా వ్యాపారం తగ్గినా సరే.

విమానంలో ఎవరూ వంట చేయరు. కింద కిచెన్లో వండి, బాగా చల్లార్చి, పైన ఓవెన్లో వేడి చేసి ఇస్తారు. మెనూలో పేరు చూసి నోరూరడానికి ముందు, ఆ వంటకం రెండోసారి వేడికి తట్టుకుంటుందా అని ఆలోచించండి. దోసె తట్టుకోదు. ఆమ్లెట్ సాగుతుంది. ఇడ్లీ అంచులు ఎండిపోతాయి, సాంబారులో ముంచుకుంటే పర్వాలేదు. ఉప్మా, పొంగల్, బిసిబేళె బాత్, గ్రేవీ ఉన్న కూరలు బాగానే వస్తాయి. నాన్‌వెజ్‌లో కూడా గ్రిల్ చేసిన ముక్కకన్నా పులుసు ముక్క మేలు. పొడి గాలికి, పైన తగ్గే పీడనానికి నాలుకకి ఉప్పు, తీపి సరిగ్గా తెలియవు. అందుకే చప్పగా ఉందని అందరూ అంటారు. పులుపు, కారం ఉన్నది ఎంచుకున్నవాళ్ళు తక్కువ తిట్టుకుంటారు. ఆవకాయ, కారప్పొడి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోకండి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. చెక్-ఇన్ లగేజీలో వేయండి. మందు సంగతి అడిగేవాళ్ళకు కూడా ఇక్కడే చెప్తున్నాను: దేశంలోపలి ఫ్లైట్లలో ఏ క్లాసులోనూ ఇవ్వరు.

స్పెషల్ మీల్ కావాలంటే కనీసం 24 గంటల ముందు నమోదు కావాలి. మేము ఇంకా ముందే అడుగుతాం. ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకుంటే కోడ్ జాగ్రత్త. మన శాకాహారానికి, అంటే పప్పు, కూర, పెరుగు ఉండేదానికి, ఏవీఎంఎల్. వీజీఎంఎల్ చూసి వెజిటేరియనే కదా అని నొక్కేస్తారు. అందులో పాలు, పెరుగు, నెయ్యి, పనీర్ ఏవీ ఉండవు. పెరుగన్నం లేకుండా ముద్ద దిగని అత్తగారికి అది పెట్టించి, ఆ తర్వాత ఇంట్లో మాట పడ్డవాళ్ళు మా కస్టమర్లలో ఉన్నారు. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టనివాళ్ళు జైన్ మీల్ అడగండి, వీజేఎంఎల్. దుంపలు కూడా ఉండవు, కాబట్టి బంగాళాదుంప కోసం వెతక్కండి. ఉపవాసం ఉంటే పళ్ళ ప్లేటు, ఎఫ్‌పీఎంఎల్. షుగర్ ఉన్నవాళ్ళకి డీబీఎంఎల్ ఉంది కానీ చాలా చప్పగా ఉంటుంది. మా నాన్నగారు ఒకసారి తిని, ఇక వద్దని మామూలు ప్లేటులో స్వీటు పక్కన పెట్టేస్తున్నారు. అయ్యప్ప మాలలో ఉన్న స్వాములు బయటి తిండి తినరు కాబట్టి ఏమీ పెట్టించం, మీరు చెప్తే చాలు.

తేదీ మారినా, వేరే ఫ్లైటుకి మార్చినా సీటు, మీల్ రెండూ ఎగిరిపోవచ్చు. ఎయిర్‌లైన్ నుంచి మార్పు మెసేజ్ వస్తే మాకు ఫార్వర్డ్ చేయండి, మళ్ళీ పెట్టిస్తాం.

చివరిగా డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ కాని టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. ఎకానమీకి 5 శాతమే. 30,000 ఛార్జీ మీద ఇదివరకు 3,600 పన్ను కడితే ఇప్పుడు 5,400. "మొన్నటికన్నా ఎక్కువ తీసుకున్నారు" అని అడుగుతున్నవాళ్ళకి జవాబు ఇది. మా ఛార్జీ పెరగలేదు. వచ్చే నెల నుంచి పెరుగుతుంది, అది కూడా చెప్పేస్తున్నాను. బిజినెస్ టికెట్‌కి మనిషికి 500 రూపాయలు. సీటు, మీల్, ముందురోజు విమానం మారిందేమో చూసి ఫోన్ చేయడం అన్నీ అందులోనే. ఎకానమీకి పాత ఛార్జీయే. విమానం చిన్నదైపోతే మా 500 వెనక్కి అడగొద్దు, ఎందుకంటే ఆరోజే మా పని ఎక్కువ.

కంపెనీ పేరు మీద ప్రయాణం చేసేవాళ్ళు జీఎస్టీ నంబరు, కంపెనీ పేరు టికెట్ తీయకముందే వాట్సాప్ చేయండి. ఆ పన్ను మీరు క్రెడిట్ తీసుకోవచ్చు. టికెట్ అయ్యాక నంబరు ఎక్కించమంటే ఎయిర్‌లైన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది, చాలాసార్లు అవదు కూడా.