జవాబు తెలియని ప్రశ్నలు అడిగించు బావా

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. 8వ తరగతిలో 48 మంది ఉన్నారు, పాఠం గడగడా చదివేస్తున్నారు, స్పెల్లింగులు అప్పజెబుతున్నారు, సొంతంగా ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం తల దించేసుకుంటున్నారు అని రాశావు. తెలుగులో కదిపితే "ఆయ్, చెబుతానండీ" అని ఊరి సంగతులన్నీ ఏకరువు పెడతారనీ నువ్వే రాశావు. కోనసీమ పిల్లలకి మాటలు రాకపోవడం ఏంట్రా! మాట్లాడాల్సిన అవసరం క్లాసులో వాళ్లకి రావడం లేదు, అంతే.

నువ్వు పెన్ను పైకెత్తి "వాట్ ఈజ్ దిస్?" అంటావు. అది పెన్నని నీకు తెలుసు, వాడికి తెలుసు, వెనక బెంచీలో కునికిపాట్లు పడేవాడికీ తెలుసు. మరి ఆ జవాబు ఎవరికి కావాలి? అడిగింది తెలుసుకోవడానికి కాదు, తప్పు పట్టుకోవడానికి అని పిల్లవాడికి వెంటనే అర్థమైపోతుంది. ఇక నోరు విప్పడు. అందుకని నువ్వు ఏ ఆట పెట్టినా ముందు ఒక్కటి చూసుకో. ఒకడి దగ్గరున్న సంగతి రెండోవాడి దగ్గర ఉండకూడదు, అది అడిగి తెలుసుకోకపోతే రెండోవాడి పని పూర్తి కాకూడదు. ఇది కుదిరితే పాటలూ బొమ్మలూ లేకపోయినా క్లాసు నడుస్తుంది. కుదరకపోతే ఎన్ని చార్టులు అంటించినా ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు చూస్తారు.

బస్సుల టైమ్‌టేబుల్‌తో మొదలుపెట్టు. అడ్డంగా ఆరు వరసలు గీయి. అమలాపురం నుంచి రావులపాలెం, రాజోలు నుంచి పాలకొల్లు, భీమవరం నుంచి తణుకు, కాకినాడ నుంచి యానాం, రాజమండ్రి నుంచి కడియం, ఆఖర్న నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ. నిలువుగా మూడు గళ్లు: బయల్దేరే టైము, చేరే టైము, టికెట్. నిజం టైములే ఉండక్కర్లేదు, నువ్వే వేసుకో. మొత్తం 18 గళ్లలో తొమ్మిది ఒక పట్టికలో నింపు, మిగతా తొమ్మిది రెండో పట్టికలో నింపు. ఒకదాంట్లో ఖాళీగా ఉన్నది రెండోదాంట్లో ఉండాలి.

జిరాక్సులకి డబ్బు పెట్టకు. ఒక పట్టిక నల్లబల్ల మీద రాయి, రెండోది చార్టు మీద రాసి వెనక గోడకి అంటించు. ఒకటి, మూడు, ఐదు బెంచీల వాళ్లు వెనక్కి తిరుగుతారు, రెండు, నాలుగు, ఆరు బెంచీల వాళ్లు ఉన్నచోటే ఉంటారు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా పడతారు, ఒకడికి నల్లబల్ల కనిపిస్తుంది, ఇంకొకడికి వెనక గోడ కనిపిస్తుంది. వెనక్కి తిరగడం కుదరని డెస్కులైతే నిలబడమను, పావుగంటే కదా. అక్షరం రెండంగుళాలకి తగ్గితే ముందు బెంచీ నుంచి వెనక గోడ కనిపించదు. ఒక్క చార్టులో అంత పెద్దవి పట్టవు, రెండు కలిపి అతికించు. పిల్లలు నోటుబుక్కులో ఖాళీ పట్టిక గీసుకుని, కనిపించేవి ముందే ఎక్కించుకుంటారు, మిగతావి అడిగి రాసుకుంటారు.

అడగాల్సిన మూడు ప్రశ్నలూ రాసి పెట్టు: "వాట్ టైమ్ డజ్ ఇట్ లీవ్?", "వాట్ టైమ్ డజ్ ఇట్ రీచ్ రావులపాలెం?", "హౌ మచ్ ఈజ్ ద టికెట్?" వీటిని నల్లబల్ల మీద మాత్రమే రాసి వదిలేస్తారు చాలామంది. వెనక్కి తిరిగినవాళ్లకి అవి కనిపించవు, రెండు నిమిషాల్లో తెలుగులోకి దిగిపోతారు, "వీళ్లు ఇంగ్లీషు మాట్లాడరండీ" అని మనం అనేస్తాం. గోడ చార్టు కింద కూడా అవే మూడు రాయి. వాటి పక్కనే "సే ఇట్ అగైన్ ప్లీజ్" అని కూడా ఉండాలి, ఎందుకంటే వినపడనప్పుడే పిల్లలు తెలుగు అందుకుంటారు. మొదటి వరస నువ్వూ ఒక పిల్లా కలిసి అందరి ముందూ చేసి చూపించండి. ఎలా ఆడాలో నోటితో వివరించడం మొదలెడితే పీరియడ్ సగం అక్కడే అయిపోతుంది.

అంకెల్లో కావాలనే మెలిక పెట్టు బావా. ఒక టికెట్ 13 రూపాయలు, ఇంకోటి 30. ఒక బస్సు 6.15కి, ఇంకోటి 6.50కి. మనవాళ్లు రెండిట్నీ ఒకేలా పలుకుతారు. "ఫిఫ్టీన్"లో చివరి భాగాన్ని నొక్కి కాస్త సాగదీయాలి, "ఫిఫ్టీ"లో మొదటి భాగాన్ని నొక్కి చివరిది చప్పున వదిలేయాలి. ఇది పాఠంగా చెబితే తలూపుతారు, మర్చిపోతారు. 15 అనబోయి 50 అనేసి పక్కవాడి చేత తప్పు రాయించినవాడు మాత్రం రెండోసారి ఆగి మరీ పలుకుతాడు.

ఇక ప్రశ్న కట్టడం. మనకి ఇంగ్లీషులో అసలు చిక్కు ఇక్కడే. "వేర్ యూ ఆర్ గోయింగ్?" అంటారు, "వాట్ షీ ఈటింగ్?" అంటారు. తెలుగులో "నువ్వు వెళ్తున్నావు" అన్నా, "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు" అన్నా మాటలు ఉన్నచోటే ఉంటాయి. ఇంగ్లీషులో కదులుతాయి. నియమంగా వంద సార్లు చెప్పడం కంటే పిల్లల్నే కదిలించు. చార్టుని ముక్కలు చేసి ముక్కకి ఒక్క మాట చొప్పున, మూడంగుళాల అక్షరాలతో రాయి. "యూ", "ఆర్", "గోయింగ్", "టు", "అమలాపురం", ఒక ఫుల్‌స్టాప్. ఆరుగురు ముక్కలు పట్టుకుని వరసగా నిలబడతారు. ఇప్పుడు "ప్రశ్న!" అను. "యూ"వాడూ "ఆర్"వాడూ చోటు మార్చుకోవాలి, ఫుల్‌స్టాప్ పిల్ల పక్కకి తప్పుకుంటే ప్రశ్నార్థకం గుర్తు పిల్ల వచ్చి నిలబడాలి. తర్వాత "వేర్" అన్న ముక్క తెచ్చి అందరికంటే ముందు నిలబెట్టు. అప్పుడు "టు"వాడూ "అమలాపురం"వాడూ బెంచీకి వెళ్లిపోవాలి, వాళ్ల సంగతే కదా అడుగుతున్నది. వాళ్లెందుకు వెళ్లారో నువ్వు చెప్పకు, క్లాసుని అడుగు.

రెండో రోజు "షీ", "లివ్", "ఇన్", "తణుకు" తీసుకో. ఇక్కడ "ఎస్" అన్న అక్షరాన్ని విడి ముక్కగా రాసి ఒక చిన్న పిల్లవాడికి ఇచ్చి "లివ్" పక్కన నిలబెట్టు. "షీ లివ్స్ ఇన్ తణుకు." ప్రశ్న అనగానే గోడ దగ్గర కాచుకుని ఉన్న "డు" వస్తాడు, "షీ" ముందు నిలబడతాడు. ఈ "ఎస్" బుడ్డోడు "లివ్"ని వదిలి పరిగెత్తుకెళ్లి "డు" చెయ్యి పట్టుకోవాలి, ఇద్దరూ కలిసి "డజ్" అయిపోతారు. ఆ ఇద్దరికీ కలిపి "డజ్" అని రాసిన కొత్త ముక్క చేతికియ్యి. "డజ్ షీ లివ్స్" అని రాసే తప్పు ఎందుకు వస్తుందో అందరికీ కళ్లెదుట కనిపిస్తుంది: ఎస్ ఒక్కడే, రెండు చోట్ల ఉండలేడు. తర్వాత నోటుబుక్కుల్లో ఎవరైనా "లివ్స్" అని రాస్తే "ఎస్ ఎక్కడికి వెళ్లాడురా?" అంటే చాలు, వాళ్లే కొట్టేసుకుంటారు. "వర్క్డ్" నుంచి "డిడ్" రావడానికి కూడా ఇదే పద్ధతి, "ఈడీ" అన్న ముక్క "వర్క్"ని వదిలి వెళ్లి "డు"ని "డిడ్" చేస్తుంది. ఇదంతా 12 నిమిషాల్లో ముగించు, అంతకు మించితే బెంచీల్లో మిగిలిన 40 మంది గోల మొదలెడతారు. వాళ్లని కూడా ఊరికే కూర్చోబెట్టకు, ప్రతి మార్పు తర్వాత నిలబడ్డ వాక్యాన్ని నోటుబుక్కులో రాయమను.

పరుగు డిక్టేషన్ గురించి అడిగావు కదా, గోడ మీది వాక్యం చదివొచ్చి జట్టుకి చెప్పి రాయించే ఆట. ఐదు వాక్యాలు చాలు, ఒక్కో వాక్యంలో ఎనిమిది నుంచి పన్నెండు మాటలు. ధవళేశ్వరం ఆనకట్ట మీద రాసుకో: ఆర్థర్ కాటన్ ఇంజనీరు, పని 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది, ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది, వాటిలో వశిష్ఠ పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. పిల్లలకి తెలిసిన సంగతులు కాబట్టి బుర్రంతా భాష మీదే పెడతారు. నాలుగు కాపీలు రాసి వరండా గోడకి దూరదూరంగా అంటించు. నలుగురికో జట్టు. ఒకడు వెళ్లి ఒక వాక్యం చదువుకుని, నోట్లో నానబెట్టుకుంటూ వచ్చి చెబుతాడు, ఒకడు రాస్తాడు, మిగతా ఇద్దరూ స్పెల్లింగు చూస్తారు. వాక్యం అయ్యాక నువ్వు చప్పట్లు కొట్టు, పనులు మారిపోవాలి. నువ్వు మార్పించకపోతే బాగా వచ్చినవాడే ఐదు వాక్యాలకీ పరిగెడతాడు.

ఇందులో మోసం రెండు రకాలుగా జరుగుతుంది. గోడ దగ్గర నుంచే అరుస్తారు, అందుకని కాగితాలు తలుపుకి కనీసం పది అడుగుల అవతల ఉండాలి. లేదా అర్థం పట్టించుకోకుండా అక్షరాలు మోసుకొచ్చి "డీ ఏ ఎమ్" అని అప్పజెబుతారు. స్పెల్లింగు ఊళ్ల పేర్లకే చెప్పాలి, మిగతా మాటలు పలికే చెప్పాలి అని నియమం పెట్టు. గెలుపు ముందు ముగించినవాళ్లకి ఇవ్వకు, తప్పులు తక్కువున్నవాళ్లకి ఇవ్వు. వేగానికి మార్కులిస్తే రాత కోడిగీతలైపోతుంది. వాన రోజుల్లో వరండా తడిసి జారుతుంది, ఆ రోజు పరుగు వద్దు, కాగితాలు గది నాలుగు మూలలా పెట్టి నడవమను.

9వ తరగతి వాళ్లకి పాసివ్ వాయిస్ చెప్పాలన్నావు. సూత్రాలు పక్కన పెట్టు, ఆత్రేయపురం పూతరేకులు తీసుకో. ఎవరు చేశారన్నది కాదు, ఏం జరుగుతుందన్నదే అక్కడ ముఖ్యం, పాసివ్ పుట్టింది అలాంటి చోట్ల కోసమే. ఎనిమిది వాక్యాలు, ఎనిమిది చీటీలు: బియ్యం నానబెడతారు, మెత్తగా రుబ్బుతారు, పల్చగా కలుపుతారు, కుండ బోర్లించి కింద మంట పెడతారు, గుడ్డని పిండినీళ్లలో ముంచుతారు, దాన్ని కుండ మీద పరిచి లాగుతారు, రేకుని ఊడదీస్తారు, నెయ్యీ పంచదారా వేసి మడతపెడతారు. ఇంగ్లీషులో "ద రైస్ ఈజ్ సోక్డ్", "ద పాట్ ఈజ్ హీటెడ్", "ద క్లాత్ ఈజ్ డిప్డ్" అన్నట్టు. ఎనిమిది మందికీ తలా ఒకటి ఇచ్చి, ఒక్క నిమిషంలో బట్టీపట్టమని చీటీలు వెనక్కి లాగేసుకో. ఈ లాగేసుకోవడం మాత్రం మరిచిపోకు. చీటీలు చేతుల్లో ఉంటే ఒకడు అన్నీ తీసుకుని బల్ల మీద పేర్చేస్తాడు, ఏడుగురు చూస్తుంటారు. చీటీ లేకపోతే ప్రతివాడి నోటా ఆ వాక్యం నాలుగైదు సార్లు రావాల్సిందే, లేకపోతే ఎవరి వెనక ఎవరు నిలబడాలో తేలదు. గుడ్డ ముంచడం ముందా, కుండ వేడెక్కడం ముందా అని వాదించుకుంటారు చూడు, ఆ వాదన కోసమే ఈ ఆటంతా. ఆ క్లాసులోనూ 48 మంది ఉంటే ఆరు జట్లు, ఆరు సెట్ల చీటీలు రాసుకోవాలి. రాత్రి ఓ గంట పని.

వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరి తప్పులు దిద్దకురా. చిన్న కాగితం పట్టుకుని తిరుగు, విన్న తప్పులు రాసుకో. చివరి ఐదు నిమిషాల్లో మూడే మూడు నల్లబల్ల మీద పెట్టు, పేర్లు చెప్పకు, క్లాసు చేతే దిద్దించు. అల్లరి గురించి పక్క క్లాసు మాస్టారు అడుగుతారు, ముందే వెళ్లి ఫలానా పీరియడ్‌లో కాస్త సందడి ఉంటుందండీ అని చెప్పి రా. సిలబస్ మాటొస్తే పరుగు డిక్టేషన్‌కి పాఠంలోని పేరానే వాడు, ఎవరూ కాదనలేరు.

ఒక్క వారంలో అన్నీ పెట్టకు. వారానికి ఒక ఆట, అదే ఆట రెండోసారి కొత్త మాటలతో. మొదటిసారి ఆట అర్థం చేసుకోవడానికే సరిపోతుంది, రెండోసారి నుంచే భాష నడుస్తుంది. ముక్కలు మామూలు స్కెచ్‌పెన్నుతో రాయకు, మన తేమకి ఆగస్టుకల్లా అక్షరాలు పాకిపోతాయి. పర్మనెంట్ మార్కర్ కొను, ఒక్కో ఆటకి ఒక్కో ప్లాస్టిక్ కవరు, పైన ఎన్ని ముక్కలున్నాయో అంకె వెయ్యి, తిరిగి తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోవచ్చు.

దసరా సెలవుల లోపు ఏ పాఠాలు ఉన్నాయో రాసి పంపు. వాటికి పట్టికలు నేను గీసి పెడతాను. చెల్లాయిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ